బాపు ఊరు వదలనంటున్నాడు. ఇంట్లోనే పదిలంగా ఉండాలంటే ఏమేం మార్చాలి?

పరకాల పెద్దోడు

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, మా ఊరు పరకాల పక్కన. బాపుకు 76 ఏళ్ళు. అమ్మ పోయినప్పటి నుంచి ఒక్కడే ఉంటున్నాడు. వంట తనే వండుకుంటాడు. పొద్దున హోటల్ కాడ చాయ్, పేపరు, ఆ తర్వాత పొలం. పొలం కౌలుకిచ్చాం, అయినా రోజూ పోయి ఒడ్డు మీద నిలబడి చూసి వస్తే గానీ ఆయనకు అన్నం సయించదు.

మొన్న జామచెట్టు మీద కోతులు పడితే కట్టె పట్టుకుని వెనక దర్వాజలోంచి ఉరికాడు. మెట్టు మీద కాలు జారి పడ్డాడు. ఎముకలేమీ విరగలేదు గానీ మోచెయ్యి గీరుకుపోయింది, నడుము పట్టేసింది. నాకు చెప్పనే లేదు. పక్కింటి చిన్నమ్మ ఫోన్ చేస్తే తెలిసింది.

అమెరికాలో ఉన్న చెల్లె ‘నీ దగ్గరికి తీసుకుపో’ అంటోంది. మాది నాలుగో అంతస్తు ఫ్లాటు. మేమిద్దరం పొద్దున పోతే రాత్రికే రావడం. ఇంతకుముందు ఒకసారి వచ్చి ఉన్నప్పుడు బాల్కనీలో కూర్చుని కింద పోయే బండ్లు చూడటం తప్ప ఆయనకు పని లేకపోయింది. ఇప్పుడు అడిగితే ‘నాకేమైతదిరా, నన్ను ఆ డబ్బాల వెయ్యకు’ అంటున్నాడు.

ఇల్లు పాతది. ముందు పెంకుటిల్లు, వెనక తర్వాత వేసిన స్లాబు గదులు. నేలంతా శాబాదు బండలు. బాత్రూం, లెట్రిన్ వెనక దొడ్లో ఉన్నాయి, మెట్లు దిగి పోవాలి. బీపీ, షుగర్ గోళీలు వాడతాడు, పడుకునే ముందు ప్రొస్టేట్ గోళీ. రాత్రి రెండు మూడు సార్లు లేస్తాడు. సెలవు పెట్టి వస్తున్నాను. ముందు దేని మీద చెయ్యి పెట్టాలో చెప్పండి.

వడ్డేపల్లి వాకర్

తమ్ముడూ, తీసుకుపో. ఒంటరిగా ఉన్న మనిషి రాత్రి పడితే పాలాయన వచ్చి తలుపు కొట్టేదాకా ఎవరికీ తెలియదు. మా చుట్టాల్లో అట్లా జరిగింది. పెద్దవాళ్ళు మొదట వద్దనే అంటారు, నెల గడిస్తే అలవాటు పడతారు.

హన్మకొండ ఫిజియో

వాకర్ గారి భయం నిజమే. కానీ ఫ్లాటుకు పోయినంత మాత్రాన పడరని లేదు. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో కొడుకు ఇంటికి కొత్తగా వచ్చి, రాత్రి లైటు స్విచ్చి ఎటుందో తెలియక పడినవాళ్ళు కూడా ఉన్నారు. ఏళ్ళ తరబడి తిరిగిన ఇల్లయితే చీకట్లో కూడా కాలికి దారి తెలుస్తుంది.

ఊళ్ళో ఉంచాలా వద్దా అనేది తర్వాత. ముందు ఆయన కాళ్ళలో బలం ఎంతుందో చూడండి. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేయండి. రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 75 నుంచి 79 ఏళ్ళ మధ్య మగవాళ్ళు 11 సార్లు, ఆడవాళ్ళు 10 సార్లు చేయలేకపోతే కాళ్ళ బలం తగ్గినట్టు లెక్క. ఇంకొకటి, కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోమనండి. దానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్త పడాలి. మీరు పక్కనే ఉండండి. పోటీ పెట్టినట్టు తొందర పెట్టకండి.

రోజూ పొలం దాకా నడుస్తున్నాడు కదా అంటారేమో. నడక గుండెకు, షుగర్‌కు మంచిది. పడబోయే మనిషిని నిలబెట్టేది తొడల బలం, నిలకడ. వాటికి కసరత్తు వేరే ఉంది. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒక కాలి మీద కాసేపు నిలబడటం, గోడ పక్కన అడుగులో అడుగు ఆనించి నడవడం, కుర్చీలోంచి మెల్లగా లేచి ఇంకా మెల్లగా కూర్చోవడం. దబ్బున కూలబడితే లాభం లేదు, మెల్లగా కూర్చునేటప్పుడే తొడలు పని చేస్తాయి. ఇవన్నీ చాయ్ మరిగేలోపు అయిపోతాయి. మొదట్లో ఎవరైనా దగ్గరుండి చేయిస్తే మంచిది.

తిండి సంగతి కూడా కనుక్కోండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు చాలామంది రాత్రి ‘ఆకలి లేదు’ అని రెండు బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని పడుకుంటారు. కండ ఎక్కడి నుంచి వస్తుంది? గుడ్డు, పప్పు, పెరుగు రోజూ ఉండాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి.

కళ్ళు చూపించి ఎన్నాళ్ళయిందో అడగండి. శుక్లం ఉంటే తీయించేయండి. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దాలు వాడేవాళ్ళకు మెట్లు దిగేటప్పుడు కింది మెట్టు మసకగా కనిపిస్తుంది. ఆయన జారింది కూడా మెట్టు మీదే కదా.

మెడికల్ షాపాయన, హుజూరాబాద్

నాకు కోతుల కంటే ఆ రాత్రి గోళీ మీద అనుమానం ఎక్కువ. ప్రొస్టేట్‌కు ఇచ్చే ట్యామ్సులోసిన్ లాంటి మందులతో కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. దానికి బీపీ గోళీ తోడు. మూత్రం ఆగక గబుక్కున లేచి నాలుగడుగులు వేసేసరికి కళ్ళు తిరుగుతాయి.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఇట్లా చూడండి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి. లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, మళ్ళీ 3 నిమిషాలకు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించండి. మందు మార్చడమో, వేసుకునే వేళ మార్చడమో ఆయన చేస్తారు. మీ అంతట మీరు గోళీ ఆపొద్దు. ఆలోపు మంచం అంచున కాళ్ళు కిందికి వేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పిక్కలు నాలుగుసార్లు ఆడించి అప్పుడు లేవమనండి.

ఇంట్లో ఉన్న గోళీలన్నీ ఒక సంచిలో వేసి దగ్గర్లోని ఫార్మసీకి పట్టుకుపోండి. కౌంటర్ మీద నేను తరచూ చూసేది చెప్తాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన స్ట్రిప్పు మీద మందు పేరు ఉంటుంది, ప్రైవేటులో రాసిన స్ట్రిప్పు మీద కంపెనీ పేరు పెద్దగా ఉంటుంది. రెండిట్లోనూ ఉన్నది అదే బీపీ మందు, అమ్లోడిపిన్. రంగులు వేరు కాబట్టి పెద్దాయన పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటూ ఉంటాడు.

మత్తునిచ్చే నిద్ర గోళీలు, దగ్గు సిరప్‌లు, జలుబు గోళీలు ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వేసుకుని, ఏమీ తినకుండా పొలం పోయే అలవాటుంటే అది ఇంకా ప్రమాదం. షుగర్ పడిపోతే వెంటనే నోట్లో వేసుకోవడానికి జేబులో గ్లూకోజో, చక్కెరో ఉండాలి.

కాజీపేట మేస్త్రి

ఇంటి సంగతి నాకు వదిలెయ్యండి. శాబాదు బండ నున్నగా అరిగాక దాని మీద నీళ్ళు పడితే కుర్రవాళ్ళే జారతారు. ఇల్లంతా తవ్వాల్సిన పని లేదు. నీళ్ళు పడే చోట్లు, అంటే బాత్రూం, బోరు దగ్గర, వాకిట్లో అలుకు చల్లే చోటు గరుకు చేస్తే చాలు. బాత్రూంలో జారని టైల్స్ వేయించండి, బయట గరుకు బండ పరిపించండి.

ఇప్పుడు పట్టుకునే రాడ్లు. అందరూ ఇక్కడే పొరపాటు చేస్తారు. టవల్ రాడ్డు, ట్యాపు, వాష్ బేసిన్ పట్టుకుని లేవడం అలవాటు చేస్తారు. అవి ఒకరోజు ఊడి చేతికి వస్తాయి. తుప్పు పట్టని 304 గ్రేడు స్టీలు, ఇంచుంపావు నుంచి ఇంచున్నర లావు ఉన్న రాడ్డు అడగండి. అంతకంటే లావుంటే పెద్దవాళ్ళ పిడికిలికి పట్టు దొరకదు. బోల్టు టైలును, సిమెంటును దాటి లోపలి ఇటుకలోకి గట్టిగా దిగాలి. మీ పెంకుటింటి వైపు మట్టి గోడ అయితే ఇది కుదరదు. గోడకు ఆరపార రంధ్రం చేసి, అవతల ఇనుప ప్లేటు పెట్టి బిగించాలి, లేదా నేలలో కాంక్రీటు పోసి పైపు నిలబెట్టాలి. రబ్బరు కప్పులతో టైలుకు అతికించేవి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటి మీద బరువు వెయ్యొద్దు.

ఎత్తు ఎంత అంటే, మామూలుగా నేల నుంచి 33 నుంచి 36 ఇంచుల మధ్య పెడతాం. కానీ నేనైతే ముందు పెద్దాయనను కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవడానికి చెయ్యి ఎటు పోతుందో చూసి చాక్‌పీసుతో గీత గీస్తాను. రాడ్డు అక్కడే పెట్టాలి. బిగించాక నేను రెండు చేతులా పట్టుకుని వేలాడి చూస్తాను. ఇంటివాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే, మనిషి తలుపుకు అడ్డంగా పడ్డప్పుడు తీయలేం. లోపలి గొళ్ళెం తీసేసి, బయటి నుంచి రూపాయి బిళ్ళతో తిప్పితే వచ్చే లాకు పెట్టండి. స్నానానికి రబ్బరు కాళ్ళున్న గట్టి కుర్చీ వేయండి. బకెట్టును కూడా ఒక పీట మీద పెడితే చెంబు కోసం వంగే పని ఉండదు. హీటరు రాడ్డుతో నీళ్ళు కాచే అలవాటుంటే ఈ రోజే మాన్పించండి.

గడప సంగతి చెప్తాను. గడపకు ర్యాంపు కట్టమని అడుగుతారు. ఇంచు ఎత్తుకు అడుగు పొడవు ఉంటేనే వాలు సరిగ్గా ఉంటుంది. ఆరు ఇంచుల గడపకు ఆరడుగుల ర్యాంపు, పాత ఇళ్ళలో అంత జాగా ఎక్కడిది? గడప కోసేద్దామంటే ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకోరు, పసుపు కుంకుమ పెట్టే గడప అది. అందుకే గడప పక్కన నిలువుగా ఒక రాడ్డు పెట్టి, వెనక మెట్ల అంచులకు పసుపు పెయింట్ పట్టీ వేస్తాను. సాయంత్రం పూట కూడా మెట్టు ఎక్కడ అయిపోతుందో కనిపిస్తుంది.

ఇంకో మాట. నున్నటి నేల మీద జంపఖానాలు పరవొద్దు. మా కొత్తవాడ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, మంచి సరుకే. మంచం మీద పరుచుకోండి. కాళ్ళ కింద మడత పడితే అవే పడేస్తాయి. పాత చీరలతో అల్లిన పట్టాలు కూడా అంతే.

పరకాల పెద్దోడు

మేస్త్రి అన్నా, చాలా థాంక్స్. అయితే లెట్రిన్ దొడ్లోనే ఉంది కదా, రాత్రి పూట ఏం చేయాలి?

కాజీపేట మేస్త్రి

స్లాబు గదికి ఆనించి లోపల్నుంచి తలుపుండేలా చిన్న బాత్రూం కట్టించుకోవడం ఖాయమైన మందు. అది అయ్యేలోపు రాత్రికి మంచం పక్కన యూరిన్ పాట్ పెట్టండి, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. మంచం నుంచి దొడ్డి దాకా కదలిక కనిపెట్టి వెలిగే లైట్లు పెట్టండి. కరెంటు పోయినా వెలిగేవి, చార్జింగ్‌వి తీసుకోండి.

బొగ్గుబాయి తాత, గోదావరిఖని

నాకు 74. సింగరేణిలో బాయి పని చేసి రిటైరయ్యాను. మీరందరూ రాసింది చదివాను. రాడ్లు, గోళీలు, లైట్లు, అన్నీ బాగున్నాయి. ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టి ‘బాపూ, నీకు ఏది కష్టమవుతోంది’ అని అడగమని ఒక్కరూ రాయలేదేం?

మా పెద్దోడు నా మీద ప్రేమతో నవారు మంచం తీసేసి పెద్ద బెడ్డు తెచ్చాడు. కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు, పరుపేమో లోపలికి దిగిపోతుంది. లేవాలంటే దొర్లాలి. వాడు వెళ్ళాక వడ్లాయనను పిలిపించి కాళ్ళు కోయించాను. మంచం అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేల మీద ఆనాలి, మోకాళ్ళు తొడలకు సమంగా ఉండాలి. అంతకు మించి ఎత్తున్నా, తక్కువున్నా తిప్పలే.

బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును రాడ్డుతో తట్టి చూసేవాళ్ళం. గట్టి చప్పుడైతే సరే, బోలు చప్పుడైతే అక్కడ నిలబడేది లేదు. ఇంటిని కూడా అట్లా తట్టి చూసుకుంటాను. కుర్చీ కాళ్ళు ఊగుతున్నాయా, చేతికర్ర కింద రబ్బరు బుష్షు అరిగిందా, హవాయి చెప్పుల అడుగు నున్నగైందా అని. నిచ్చెన ఎక్కి ఫ్యాను తుడవడం నేనే మానేశాను, పక్కింటి పోరడు చేస్తాడు. అంగడికి పోయి కూరగాయలు తేవడం మాత్రం మానను. కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. అంగట్లో నలుగురు కనిపిస్తారు, టమాటాల రేటు మీద కాసేపు కొట్లాట పెట్టుకుంటాను. అది కూడా తీసేస్తే ఇక టీవీ ముందు కూర్చోవడమేగా.

మా దగ్గర ఎండాకాలం సంగతి మీకు తెలుసు, రామగుండం ఎండ 45 దాటిన రోజులుంటాయి. పెద్దవాళ్ళకు దాహం తెలియదు. నేను దాహం కోసం చూడను, గంటకోసారి గ్లాసు నీళ్ళు, మధ్యలో మజ్జిగ. గుండె జబ్బుకు నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు డాక్టరు మాట వినండి.

కోతుల గురించి ఎవరూ తేల్చలేదు. ఒక్క మనిషి కట్టె పట్టుకుని ఉరికితే అవి పారిపోవు, మీదికి వస్తాయి. వెనక దర్వాజకు జాలీ తలుపు పెట్టించి, లోపల కుర్చీలో కూర్చుని గులేరు చూపించమనండి. ఆ జామకాయలు పోతే పోనీ. కోతుల మీదికి కట్టె పట్టుకుంటారు గానీ నడకకు కర్ర పట్టమంటే నామోషీ, మా వయసు మగవాళ్ళ సంగతి నాకు తెలుసు.

దమ్మాం నుంచి కోరుట్ల పోరడు

తాతా, చివరి మాటకు నవ్వొచ్చింది. మా నాన్న కూడా అంతే.

నేను సౌదీలో ఉన్నాను, ఊళ్ళో అమ్మానాన్న ఇద్దరే. హాల్లో, వంటింట్లో, పడక గదిలో కెమెరాలు పెట్టించాను. ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. పరకాల అన్నా, ముందు ఈ పని చెయ్యి, టెన్షన్ పోతుంది.

బొగ్గుబాయి తాత, గోదావరిఖని

నీ టెన్షన్ పోతుంది. మీ అమ్మది? పడక గదిలో కెమెరా ఉంటే ఆమె చీర ఎక్కడ మార్చుకోవాలి?

దమ్మాం నుంచి కోరుట్ల పోరడు

తాతా, తప్పుగా అనుకోవద్దు. ఇక్కడి నుంచి నేను ఇంకేం చేయగలను? నాన్నకు ఒకసారి షుగర్ పడిపోతే కెమెరాలో చూసే పక్కింటి వాళ్ళను పంపించాను.

జగిత్యాల కోడలు

ఇద్దరి మాటా నిజమే. పడక గదిది తీసేయ్ తమ్ముడూ. ముందు వాకిలిదీ, హాలుదీ ఉంచు, అది కూడా వాళ్ళకు చెప్పి ఉంచు. కెమెరా చూసినా నువ్వు అక్కడి నుంచి లేపలేవు, లేపేది పక్కింటివాళ్ళే. పక్కింట్లో ఒక తాళం చెవి ఉండాలి. రోజూ ఒకే వేళకు ఫోన్ చెయ్యి, రెండుసార్లు ఎత్తకపోతే వాళ్ళు వెళ్ళి చూసేలా మాట్లాడుకో. నాన్నకు బటన్ల ఫోను మెడలో తాడుకు వేసి, ఒక అంకె నొక్కితే నీకు, ఇంకో అంకె నొక్కితే పక్కింటికి పోయేలా పెట్టు. బాత్రూంకు పోయేటప్పుడు కూడా మెడలో ఉండాలి, చాలామంది అక్కడే పడతారు.

ఇక నా సంగతి. మా అత్తమ్మకు మతిమరుపు జబ్బు. డాక్టరు చూసి డిమెన్షియా అన్నారు. పైన రాసినవన్నీ మనసు బాగున్న పెద్దవాళ్ళకు సరిపోతాయి. మా ఇంట్లో వేరే కథ. గ్యాస్ వెలిగించి మర్చిపోయేది. ఇప్పుడు వంట అయిపోగానే సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేస్తాను. సాయంత్రం కాగానే ‘మా ఇంటికి పోతా’ అని బయల్దేరుతుంది. ఆమె చెప్పే ఇల్లు తల్లిగారిల్లు, అది ఎప్పుడో పోయింది. ‘ఇదే నీ ఇల్లు’ అని వాదిస్తే కోపం ఎక్కువవుతుంది. ‘పోదాం, చాయ్ తాగి పోదాం’ అంటే కూర్చుంటుంది. కొంగు మూలకు మా ఫోన్ నంబరు కుట్టాను.

అత్తమ్మ చిన్నప్పటి నుంచి బీడీలు చేసింది. ఏమీ చెయ్యనివ్వకుండా కూర్చోబెడితే రోజంతా తలుపు దగ్గరే నిలబడేది. ఒకరోజు చాట ఒళ్ళో పెట్టి, కత్తిరించిన తునికాకు, దారం ఇచ్చాను. తంబాకు ఇవ్వలేదు. వేళ్ళు వాటంతట అవే కదిలాయి. ఆకు చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం, ఒక్కటీ మర్చిపోలేదు. నా పేరు మాత్రం గుర్తుండదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అదే పని. సాయంత్రం నేను ఆకు విప్పి తడిపి పెడతాను, మళ్ళీ రేపటికి.

ఇక్కడ రాసేవాళ్ళలో కొడుకులు ఎక్కువ కనిపిస్తున్నారు. డబ్బు పంపడం, సలహా చెప్పడం కూడా సాయమే, కాదనను. కానీ అర్ధరాత్రి లేచి పక్క బట్టలు మార్చేది ఇంట్లో ఉన్న ఆడమనిషి. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా ‘అమ్మ చిక్కిపోయింది’ అంటుంది. ఈసారి నేనే చెప్పాను, నెలకు వారం రోజులు నువ్వు వచ్చి ఉండు వదినా, నేను మా అమ్మ దగ్గరికి పోయి నిద్రపోతాను అని. మొదట ముఖం మాడ్చుకుంది గానీ వస్తోంది.

వడ్డేపల్లి వాకర్

జగిత్యాల అమ్మా, ఆ చివరి సంగతి ఇంట్లో మా ఆవిడకు చదివి వినిపించాను. ‘మీ చెల్లెలికి పంపించండి’ అంది.

నర్సంపేట టీచరమ్మ

రిటైరైన టీచర్ని. ఇల్లు, ఒళ్ళు అయ్యాయి కాబట్టి డబ్బు సంగతి నేను రాస్తాను. తన పాసుబుక్కు తన దగ్గర లేని పెద్దమనిషి ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఒకరి మీద ఆధారపడ్డట్టే. ప్రభుత్వమిచ్చే ఆసరా పెన్షన్ డబ్బులైనా సరే, అవి వాళ్ళ చేతికే ఇవ్వండి.

పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుల ముందు నిలబడక్కర్లేదు. జీవన్ ప్రమాణ్ ఇప్పుడు ఫోన్లో ముఖం చూపిస్తే అయిపోతుంది, పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి కూడా చేస్తాడు. ‘పోలీసులం, డిజిటల్ అరెస్ట్ చేశాం’ అని వీడియో కాల్ వస్తే పెట్టేయమని ఇప్పుడే చెప్పి ఉంచండి. అట్లాంటి అరెస్టు చట్టంలోనే లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఆస్తి పిల్లల పేర రాసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. నన్ను చూసుకోవాలి అనే షరతు మీద రాసిచ్చి, ఆ తర్వాత చూసుకోకపోతే ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయమని ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మన దగ్గర ఆర్డీవో ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోండి. ఏం చేయాలో తోచకపోతే 14567, అది పెద్దవాళ్ళ కోసం ఉన్న ఉచిత హెల్ప్‌లైన్. కొనుక్కోలేని పేదవాళ్ళకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి మిషన్లు రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు. 2017లో నెల్లూరులో మొదలైన పథకం, మీ జిల్లాలో క్యాంపు ఎప్పుడో కలెక్టరేట్‌లో అడగండి.

ఇంకో సంగతి సంతోషంగా చెప్పాలి. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మా వీధి అవ్వలు ఇంట్లో ఉండటం లేదు. వేములవాడ, కొమురవెల్లి, బిడ్డ ఇల్లు, ఎక్కడికంటే అక్కడికి. డాక్టర్లు నడవమంటే నడవని వాళ్ళు బస్టాండు దాకా హుషారుగా నడుస్తున్నారు! భయమల్లా ఆ బస్సు మెట్టు ఎత్తే. బస్సు పూర్తిగా ఆగాక, తోపులాట అయ్యాక ఎక్కమనండి, చేతిలో సంచి ఉండకూడదు. భుజానికి వేసుకునే సంచి అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

హన్మకొండ ఫిజియో

పడ్డాక ఏం చేయాలో ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నాను. పడ్డ మనిషిని చంకల కింద చేతులు పెట్టి ఒక్కసారిగా లేపొద్దు. ముందు ఎక్కడ నొప్పో అడగండి. ఒక కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. కదల్చకుండా 108కి ఫోన్ చేయండి. తుంటికి ఆపరేషన్ అవసరమైతే ఒకటి రెండు రోజుల్లోనే చేయించడం మంచిది. వయసైంది, ఆపరేషన్ ఎందుకులే అని పసరు కట్టు కట్టించి మంచంలో పడుకోబెడితే నిమ్ము, పుండ్లు వచ్చి మనిషి దక్కడం కష్టమవుతుంది.

తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, పైకి బాగున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొన్నిసార్లు తలలో రక్తం మెల్లగా చేరి, కొన్ని వారాల తర్వాత మత్తుగా, తికమకగా మాట్లాడటం మొదలవుతుంది. అప్పుడు పాత దెబ్బ సంగతి డాక్టరుకు చెప్పండి.

దెబ్బలేమీ లేకపోతే తనంతట తాను లేవడం నేర్పించండి. పక్కకు దొర్లి, చేతుల మీద మోకాళ్ళ మీదకు వచ్చి, పాకుతూ మంచం దాకా పోయి, రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమున్న కాలు ముందుకు వేసి లేవాలి. పడకముందే ఒకసారి చేయించి చూడండి. ఒక్కసారి పడ్డవాళ్ళు మళ్ళీ పడతామని నడక తగ్గిస్తారు, తగ్గించేకొద్దీ కాళ్ళు సన్నబడతాయి, ఈసారి నిజంగానే పడతారు. లేవగలనన్న ధైర్యం ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది.

పరకాల పెద్దోడు

ఊరికి వచ్చాను. కుర్చీ పరీక్ష చేయించాను, 8 సార్లు లేచాడు. ‘కుర్చీ మంచిది కాదు’ అన్నాడు. నిలబెట్టి చూస్తే బీపీ పై అంకె 24 తగ్గింది. రేపు పరకాలలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

గోదావరిఖని తాత చెప్పినట్టు బాపును అడిగాను, ఏది కష్టమవుతోంది అని. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. వెనక మెట్లు కాదట, రాత్రి దొడ్లోకి పోవాలంటే కుక్కల భయమట. అందుకే సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేశాడట. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. బాత్రూం లోపల కట్టించడానికి ఒప్పుకున్నాడు, అయితే జాగా తనే చూపిస్తానన్నాడు. చెల్లెకు ఫోన్ చేసి చెప్తే ఇంకా కోపంగానే ఉంది, ఫ్లాటు మాట వదల్లేదు. ఇది తేలడానికి టైం పడుతుంది.

కొత్త మెంబర్, మంచిర్యాల

అందరి మాటలూ పనికొచ్చాయి. నాదొక చిన్న ప్రశ్న. మేం రెండో అంతస్తులో అద్దెకు ఉంటాం, లిఫ్టు లేదు. అత్తమ్మకు ఎడమ మోకాలు అరిగింది. చేతికర్ర ఏ చేతిలో పట్టుకోవాలి? మెట్లు ఎట్లా ఎక్కించాలి?

హన్మకొండ ఫిజియో

నొప్పి ఎడమ కాలికి కాబట్టి కర్ర కుడి చేతిలో. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి, చెయ్యి కిందికి వదిలితే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మీరు ఎక్కేటప్పుడు ఆమె వెనక ఉండండి, దిగేటప్పుడు ఆమె ముందు ఒక మెట్టు కింద ఉండండి. చెయ్యి పట్టుకుని లాగొద్దు.

కాజీపేట మేస్త్రి

మెట్లకు ఒక్క పక్కనే రెయిలింగ్ ఉంటే రెండో పక్క గోడకు కూడా పైపు వేయించండి. ఎక్కేటప్పుడు కుడి పక్కన ఉన్నది దిగేటప్పుడు ఎడమ పక్కకు వస్తుంది కదా. పైపు చివరి మెట్టు దగ్గరే ఆపకుండా ఇంకో అడుగు ముందుకు ఉండాలి. ఓనరు గోడకు రంధ్రాలు వద్దంటే నాకు ఫోన్ కలపండి, నేను మాట్లాడతాను. చాలామంది ఓనర్ల ఇళ్ళలో కూడా ఒక ముసలమ్మ ఉంటుంది.